వెదరింగ్ స్టీల్ గిర్డర్లు కోనసీమ ఉప్పుగాలికి ఆగుతాయా?

ఏటిగట్టు_కుర్రాడు | జూన్ 14, ఉదయం 7:20

అందరికీ నమస్కారమండి. నేనొక చిన్న డిజైన్ ఆఫీసులో ఇంజనీరుని, చేరి మూడేళ్లయింది. ఇప్పుడు మా చేతిలో రెండు వంతెనల ప్రతిపాదనలున్నాయి. ఒకటి రావులపాలెం దగ్గర కాలువ మీద. రెండోది రాజోలు దాటాక సముద్రం వైపు, ఒక ఉప్పుటేరు మీద. మ్యాపులో తిన్నగా గీత గీస్తే అక్కడి నుంచి సముద్రం కిలోమీటరున్నర. రెండూ లారీలు బాగా తిరిగే హైవే పనులే.

మా సారు ఈ మధ్య ఏదో సెమినారుకి వెళ్లొచ్చారు. అప్పటి నుంచి రెండింటికీ వెదరింగ్ స్టీల్ గిర్డర్లే (శ్లాబుని మోసే దూలాలు) అంటున్నారు. రంగు వేయక్కర్లేదట, పైన పట్టే తుప్పే లోపలి ఇనుముని కాపాడుతుందట, వందేళ్లు దాని మొహం చూడక్కర్లేదట. నాకేమో టెన్షన్‌గా ఉంది. నేను పుట్టింది సఖినేటిపల్లిలో. మా ఇంటి కిటికీ ఊచలు నాకు ఊహ తెలిశాక రెండుసార్లు మార్చాం. మా నాన్న సైకిలు చైన్ కవరు వేలితో నొక్కితే పొడి రాలేది. అలాంటి చోట రంగులేని ఇనుముతో వంతెనా?

తెలిసినవాళ్లు చెప్పండి. సారుకి ఎదురు చెప్పాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

రిటైర్డ్_డీఈ | జూన్ 14, ఉదయం 9:05

బాబూ, మీ సారు చెప్పింది సగం నిజం. మిగతా సగమే మనల్ని ముంచేది.

ఇదేం కొత్త సరుకు కాదు. అమెరికాలో యూఎస్ స్టీల్ కంపెనీ 1933లో కార్‌టెన్ అనే పేరుతో అమ్మకానికి పెట్టింది. మొదట బొగ్గు వ్యాగన్లకి వాడారు. రంగు వేయని హైవే వంతెనలు 1964 ప్రాంతంలో మొదలయ్యాయి. మామూలు ఉక్కులో కొద్దిగా రాగి, క్రోమియం, నికెల్, ఒక్కోసారి భాస్వరం కలుపుతారు. అన్నీ కలిపినా రెండు మూడు శాతం మించదు. స్టెయిన్‌లెస్ స్టీల్‌తో దీనికి పోలిక లేదు. ఇది తుప్పు పడుతుంది, పట్టాలి కూడా. కాకపోతే ఆ తుప్పు సన్నగా, దట్టంగా, ఒంటికి అంటుకున్న చర్మంలా తయారై లోపలికి నీరూ గాలీ సులువుగా పోనివ్వదు. అలా కుదురుకోడానికి మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది.

ఇక్కడొక షరతు ఉంది. తడవాలి, ఆరాలి, మళ్లీ తడవాలి, మళ్లీ ఆరాలి. అలా తిప్పితేనే ఆ చర్మం గట్టిపడుతుంది. ఎప్పుడూ తడిగానే ఉంటే మాత్రం అది మామూలు ఇనుమే, దాన్నీ దీన్నీ వేరు చేసి చూడలేవు. ఉప్పు తగిలితే ఇంకా కష్టం.

ఇంతకీ మీ ఉప్పుటేరు వంతెన కింద నీళ్లకీ గిర్డరుకీ ఎంత ఎత్తు ఇస్తున్నారు?

రొయ్యల_రాజు | జూన్ 14, ఉదయం 10:40

ఆయ్, నాకు ఇంజనీరింగ్ తెలీదు గానీ తుప్పు సంగతి అడగండి చెప్తాను. మొగల్తూరు వైపు మా చెరువులున్నాయి. ఏరేటర్ ఫ్రేములకి రంగేసినా రెండో పంటకే బొబ్బలు. మోటారు స్టాండు కాళ్లు నీటి గీత దగ్గర సన్నబడిపోయి నడుం వంచేస్తాయి. మీ సారుని ఒక్కరోజు మా గట్టు మీద మంచమేసుకుని పడుకోమనండి. పొద్దున్నే కళ్లజోడు తుడుచుకుంటే ఉప్పు తెలుస్తుంది. సిమెంటు వంతెన కట్టేయండి, గొడవుండదు.

రిటైర్డ్_డీఈ | జూన్ 14, ఉదయం 11:15

రాజుగారూ, సిమెంటుదీ అదే కథ. లోపల ఊచ తుప్పు పట్టి, ఉబ్బి, శ్లాబు పెచ్చులూడి ఊచలు బయటకి కనపడే ఇళ్లు మీ తీరంలో ఎన్ని లేవు? ఉక్కయితే కనీసం జబ్బు పైకి కనిపిస్తుంది. కాంక్రీటులో కనిపించే సరికే ముదిరిపోయి ఉంటుంది.

వర్క్‌షాప్_తాతయ్య | జూన్ 14, మధ్యాహ్నం 3:30

రైల్వే క్యారేజీ వర్క్‌షాపులో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. పాత నీలం రంగు బోగీల ఒంటి రేకు అంతా ఈ జాతిదే, మేం ఐఆర్‌ఎస్ ఎం-41 అనేవాళ్లం. దానికి రంగు కూడా వేసేవాళ్లం. అయినా మరమ్మతుకొచ్చిన ప్రతి బోగీ కథ ఒకటే. పక్క గోడలు నిక్షేపంగా ఉండేవి. లావెట్రీ కిందా, తలుపు గుమ్మం దగ్గరా, సోల్‌బార్ (బోగీ అడుగు దూలం) మూలల్లోనూ స్క్రూడ్రైవర్ పెడితే అవతలికి దిగిపోయేది. రేకు ఒకటే, రోలింగ్ ఒకటే. తడి నిలిచే చోటు మాత్రం వేరు.

అందుకే ఏ ఉక్కు అని అడిగే ముందు, నీళ్లు ఎక్కడ ఆగుతాయి అని అడగండి నాయనా.

సైటు_శీను | జూన్ 14, రాత్రి 9:10

నేను మీ సారు పక్షం. అందరూ తిడతారని తెలిసే రాస్తున్నా.

రంగు వేసిన వంతెన బాగుంటుంది సరే, రెండోసారి రంగు ఎవరేస్తారు? నది మధ్యలో పరంజా కట్టాలి, పాత రంగు గీకాలి, ఆ గీకింది నీళ్లలో పడకుండా పట్టాలి, ట్రాఫిక్ ఆపాలి. ఎస్టిమేటు వేస్తే ఫైలు మూడేళ్లు తిరుగుతుంది. ఈలోగా తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. రాజమండ్రి రోడ్డు కం రైలు వంతెన 1974 నుంచి నిలబడి ఉందంటే దాని వెనక రైల్వే వాళ్ల రంగు గ్యాంగులున్నాయి. మీ ఉప్పుటేరు వంతెనకి ఏ గ్యాంగుంది?

అమెరికాలో వెస్ట్ వర్జీనియాలో న్యూ రివర్ గార్జ్ వంతెన చూడండి. 518 మీటర్ల ఉక్కు ఆర్చి, 1977లో తెరిచారు, మొత్తం వెదరింగ్ స్టీలే. ఆ లోయ మీద వేలాడుతూ రంగులెయ్యడమంటే మాటలా? అందుకే ఎంచుకున్నారు.

పాలకొల్లు_టు_పిట్స్‌బర్గ్ | జూన్ 15, ఉదయం 6:50

శీను గారూ, మీరు ఆ వంతెన పేరెత్తారు కాబట్టి, మా ఊరి వంతెన సంగతి చెప్పకపోతే సగం కథే అవుతుంది. నాది పాలకొల్లు, ప్రస్తుతం పిట్స్‌బర్గ్‌లో ఉంటున్నాను.

ఇక్కడ ఫెర్న్ హాలో అని ఒక వంతెన ఉండేది. పార్కులో లోయ మీద, సుమారు 136 మీటర్ల పొడవు. 1970ల మొదట్లో కట్టారు, రంగులేని వెదరింగ్ స్టీలే. 2022 జనవరి 28 తెల్లవారుజామున మంచులో మొత్తం కూలిపోయింది. పైన సిటీ బస్సు, ఇంకొన్ని కార్లు ఉన్నాయి. దేవుడి దయ, ఎవరూ చనిపోలేదు. తమాషా ఏమిటంటే, అదే రోజు దేశాధ్యక్షుడు వంతెనల నిధుల గురించి మాట్లాడటానికి ఊళ్లోకి వస్తున్నాడు.

తర్వాత ఎన్‌టీఎస్‌బీ (ఇక్కడి ప్రమాదాల విచారణ సంస్థ) వాళ్లు రెండేళ్లు విచారణ చేశారు. పైనున్న డ్రెయిన్లు పూడిపోయాయి. నీళ్లు దారి తప్పి వంతెన కాళ్ల మీదకి కారాయి. కాళ్ల అడుగున ఆకులూ మట్టీ పేరుకుని ఎప్పుడూ తడే. అక్కడ ఆ కాపాడే పొర కుదరనే లేదు. ప్లేటు తినేసి తినేసి చిల్లులు పడింది. ఇదంతా ఏళ్ల తరబడి తనిఖీ రిపోర్టుల్లో ఫొటోలతో సహా ఉంది. చేయాల్సిన పని మాత్రం చెయ్యలేదు.

నేను ఆ దారిన పిల్లల్ని స్కూలుకి తీసుకెళ్లేవాణ్ణి. ఇప్పటికీ వంతెన ఎక్కితే డ్రెయిన్ వైపు చూపు పోతుంది.

సైటు_శీను | జూన్ 15, ఉదయం 8:00

ఒప్పుకున్నాను. కానీ అది ఉక్కు తప్పా, చీపురు తప్పా?

పాలకొల్లు_టు_పిట్స్‌బర్గ్ | జూన్ 15, ఉదయం 8:12

చీపురు తప్పే. రంగు గ్యాంగు రాదన్నారు కదా మీరు, మరి చీపురు గ్యాంగు వస్తుందా?

లంక_లక్ష్మి | జూన్ 15, రాత్రి 8:35

కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. డ్రెయిన్ సంగతి అందరూ చెప్పారు, ఉప్పు సంగతి ఎవరూ సరిగ్గా పట్టుకోలేదనిపించి రాస్తున్నాను.

వంటింట్లో ఉప్పు డబ్బా వానాకాలం చెమ్మగిల్లడం చూస్తాం కదా. శుద్ధమైన సోడియం క్లోరైడ్ గాలిలో తేమ దాదాపు 75 శాతం దాటితే నీళ్లు పీల్చి కరుగుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. అది 33 శాతం తేమకే చెమ్మగిల్లుతుంది. మన డెల్టాలో గాలి తేమ 33 శాతం కంటే తగ్గే గంటలు ఏడాదిలో ఎన్ని? అంటే ఉప్పు పడ్డ గిర్డరు వాన రాకపోయినా ఆరదు. డీఈ గారు చెప్పిన 'ఆరాలి' అన్న షరతు అక్కడే తప్పిపోతుంది. పైగా క్లోరైడు ఉన్న చోట తుప్పు వేరే రకంగా, గుల్లగా, పొరలు పొరలుగా తయారవుతుంది.

ఇంకో సంగతి చాలామంది తలకిందులుగా అనుకుంటారు. వానకి తడిసే బయటి గిర్డరు పాడవుతుందనీ, శ్లాబు నీడలో ఉన్న లోపలి గిర్డర్లు భద్రమనీ అనుకుంటారు. తీరంలో జరిగేది దానికి ఉల్టా. బయటి ముఖాన్ని వాన కడుగుతుంది. లోపలి ముఖాల మీద పడ్డ ఉప్పుని కడిగే నాథుడు లేడు, ఏడాదికేడాది పేరుకుంటుంది.

జపాన్ ఒకినావా దీవిలో హెనోకి అని చిన్న వంతెన ఉండేది. 1981లో వెదరింగ్ స్టీలుతో, సముద్రం పక్కనే కట్టారు. 2004లో రాకపోకలు ఆపేశారు. 2009లో దానంతటదే కూలిపోయింది. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

ఏటిగట్టు గారూ, దూరం ఒక్కటే చూసుకోకండి. బ్రిటన్‌లో తీరానికి 2 కిలోమీటర్ల లోపు సాధారణంగా వద్దంటారు. జపాన్‌లో ఒక తీరానికి 1 కిలోమీటరు, ఇంకో తీరానికి 20 కిలోమీటర్లు అని గీసుకున్నారు, గాలి ఎటు వీస్తుందన్న దాన్ని బట్టి. అసలు కొలవాల్సింది గాలిలో ఉప్పు. గ్లిజరిన్ కలిపిన నీళ్లలో తడిసే గుడ్డని నీడన కట్టి, నెల తర్వాత దానికి పట్టిన క్లోరైడుని సిల్వర్ నైట్రేటుతో టైట్రేట్ చేసి కొలుస్తారు. నాకు పంపండి, మా ల్యాబులో చేసిపెడతాను.

బాబ్జీ_ఫ్యాబ్రికేషన్ | జూన్ 16, మధ్యాహ్నం 1:45

రావులపాలెంలో మా షెడ్డు. మేడమ్ చెప్పింది విన్నాక నాకు తెలిసినవి నాలుగు.

ముందు సరుకు. 'కాపర్ ఉన్న ప్లేటే సార్, వెదరింగే' అని చెప్పి మామూలు ఉక్కు స్టాండర్డు ఐఎస్ 2062లో కాపర్ కలిపిన రకం అంటగట్టేవాళ్లున్నారు. అందులో రాగి 0.20 నుంచి 0.35 శాతం ఉంటుంది, నిజమే. కానీ క్రోమియం, నికెల్ కలిపి వాతావరణానికి తయారు చేసినది వేరు, దానికి ఐఎస్ 11587 అని వేరే స్టాండర్డే ఉంది. మిల్లు సర్టిఫికెట్ చూసి, హీట్ నంబరు (ఏ పోతలోదో చెప్పే అంకె) ప్లేటు మీద కలిసిందో లేదో చూసుకోవాలి. నేనొకసారి ఒక గేటు పనికి ఇలాగే మోసపోయాను. రెండేళ్లకి కస్టమరు వచ్చి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

వెల్డింగు రాడ్డు మామూలుది వాడితే అతుకు దగ్గర వేరే రంగు తేలుతుంది, అక్కడే ముందు తింటుంది. పెద్ద అతుకుల్లో పై పొరలకైనా నికెల్, రాగి ఉన్న 8018-డబ్ల్యూ లాంటి రాడ్డు పడాలి. బోల్టులు కూడా అదే జాతివి పెట్టాలి. జింకు పూత బోల్టు పెడితే జింకు ముందు కరిగిపోతుంది, తర్వాత బోల్టు.

ప్లేటుకీ ప్లేటుకీ మధ్య సందు ఉండకూడదు. బోల్టులు దూరం దూరంగా వేస్తే సందులో నీరు దూరి, తుప్పు ఉబ్బి, ప్లేట్లని పుస్తకంలా విప్పేస్తుంది. పలచటి ప్లేటు మందానికి 14 రెట్లు, లేదా 180 మిల్లీమీటర్లు, ఏది తక్కువైతే అంతకి మించి దూరం పోకూడదని ఒక డ్రాయింగులో చూశాను.

షెడ్డులో ప్లేట్లు బోర్లా పేర్చి టార్పాలిన్ కప్పేస్తారు మనవాళ్లు. దానంత వెధవ పని లేదు. లోపల చెమ్మ ఆవిరై అక్కడే తిరుగుతుంది. ఏటవాలుగా, గాలి ఆడేలా నిలబెట్టాలి.

అమలాపురం_బస్సు | జూన్ 16, సాయంత్రం 6:20

నేను రోజూ బస్సులో వెళ్లేవాణ్ణి, ఇంజనీరుని కాదు. ఒక్క మాట. కొత్త వంతెన ప్రారంభించిన నెలకే ఎర్రగా తుప్పు కనిపిస్తే జనం ఏమంటారు? డబ్బులు తినేశారంటారు. పేపర్లో ఫొటో పడుతుంది. స్తంభాల మీద ఎర్రటి చారలు కారితే ఇంక చెప్పక్కర్లేదు. ఆ వంతెన ఎక్కాలంటే నాకే భయమేస్తుంది. ఇది కాపాడే తుప్పు అని ఎంతమందికి చెప్తారు? బోర్డు పెడతారా?

రిటైర్డ్_డీఈ | జూన్ 16, రాత్రి 7:50

బోర్డు పెట్టినా తప్పు లేదండి, నేను నవ్వులాటకి అనట్లేదు.

చారలకి మాత్రం మందుంది. మొదటి రెండు మూడేళ్లు తుప్పు నీళ్లు కారతాయి. కింది ఫ్లేంజికి (గిర్డరు అడుగున ఉండే వెడల్పు ప్లేటు) అడ్డంగా చిన్న పట్టీ వెల్డు చేస్తే నీళ్లు స్తంభం దాకా రాకుండా మధ్యలోనే చుక్కలుగా పడిపోతాయి. స్తంభం తలమీద వాలు ఇచ్చి, నీరు బయటికి పోయే గాడి పెట్టాలి. మొదట్లోనే బ్లాస్టింగ్ చేసి మిల్ స్కేల్ (మిల్లులోనే పట్టే నల్ల పొర) తీసేస్తే రంగు మచ్చలు లేకుండా ఒకేలా తేలుతుంది. లేకపోతే ఏడాది పాటు గజ్జి పట్టినట్టు ఉంటుంది.

జాయింటు కింద జరిగేది అసలు రోగం. ఎక్స్‌పాన్షన్ జాయింటు, అంటే ఎండకి వంతెన సాగడానికి వదిలే సందు, దాని రబ్బరు చిరిగితే రోడ్డు మీది బురద నీళ్లన్నీ గిర్డరు చివర మీద పడతాయి. అందుకే అమెరికా వాళ్లు జాయింటు నుంచి గిర్డరు లోతుకి ఒకటిన్నర రెట్ల దూరం దాకా రంగు వేసేయమంటారు, అదే గోధుమ రంగు. రంగు లేని వంతెన అంటారు గానీ చివర్లకి రంగు ఉంటుంది. అసలు జాయింటే లేకుండా అబట్‌మెంటుతో (వంతెన చివరి ఆధారం గోడ) కలిపి పోత పోస్తే ఇంకా మంచిది.

ఎత్తు సంగతి నేను మొదటే అడిగాను, జవాబు రాలేదు. అమెరికా ఫెడరల్ హైవే వాళ్లు 1989లో ఇచ్చిన సూచనల ప్రకారం పారే నీటి మీద 2.4 మీటర్లు, నిలవ నీటి మీద 3 మీటర్ల లోపు ఎత్తుంటే జాగ్రత్త. రావులపాలెం కాలువ ఏ లెక్కలోకి వస్తుంది? వదిలినప్పుడు పారే నీరు. ఎండాకాలం కాలువలు కట్టేశాక మడుగులు. గుర్రపుడెక్క పట్టిందంటే ఆవిరి పైకి లేస్తూనే ఉంటుంది, గాలి ఆడదు. నేనైతే 3 మీటర్లే అడుగుతాను.

ఏటిగట్టు_కుర్రాడు | జూన్ 17, ఉదయం 7:05

డీఈ గారూ, క్షమించండి, జవాబు దాటేసింది కావాలనే. కాలువ వంతెనకి ప్రస్తుతం డ్రాయింగులో ఉన్నది 1.8 మీటర్లు. 3కి లేపితే రెండు వైపులా అప్రోచ్ రోడ్డు పొడుగవుతుంది. గట్టు వెంబడి ఇళ్లున్నాయి. సారు ఆ మాట వింటేనే మండిపడతారు.

బాబ్జీ అన్నా, ఒక పని చేద్దామా? నీ దగ్గర అసలు వెదరింగ్ ప్లేటు ముక్కలుంటే ఇవ్వు, మామూలు ప్లేటు ముక్కలు కూడా. ఒక జత నీ షెడ్డు పైన, ఒక జత మా ఇంటి డాబా మీద, ఒక జత ఆ ఉప్పుటేరు పాత వంతెన శ్లాబు కింద కడతాను. లక్ష్మి మేడమ్, గుడ్డ కూడా కడతాను, ఎలా కట్టాలో చెప్పండి.

బాబ్జీ_ఫ్యాబ్రికేషన్ | జూన్ 17, ఉదయం 9:30

వచ్చేయ్ తమ్ముడూ. బరువు చూసి నంబరు గుద్దిస్తాను. ప్లేట్లు మాత్రం తిరిగివ్వాలి.

మోడరేటర్ | జూన్ 17, ఉదయం 10:00

రొయ్యల ధర గురించి వచ్చిన పదకొండు పోస్టులు వేరే చర్చకి మార్చాను. రాజుగారూ, దయచేసి.

ఏటిగట్టు_కుర్రాడు | సెప్టెంబరు 28, రాత్రి 9:40

చాలా రోజులైంది. మేడమ్ ల్యాబులో మూడు నెలల గుడ్డలు చూశారు. ఫలితం విచిత్రంగా ఉంది. ఉప్పుటేరు దగ్గర పట్టిన ఉప్పు అమెరికా సూచనల హద్దుకి లోపలే ఉంది, జపాన్ హద్దుని మాత్రం దాటేసింది. అమెరికా హద్దు 100 చదరపు సెంటీమీటర్లకి రోజుకి 0.5 మిల్లీగ్రాములు, జపాన్‌ది 0.05, అంటే పదో వంతు. సారు ఒక్క ముక్కలో తేల్చేశారు: 'చూశావా, పాసయింది.' ఇప్పుడు ఏం చెప్పాలి?

లంక_లక్ష్మి | సెప్టెంబరు 28, రాత్రి 10:25

రెండు మాటలు చెప్పండి. ఒకటి, ఇది జూన్ నుంచి సెప్టెంబరు దాకా. తుఫాన్ల నెలలు ఇంకా రాలేదు. 1996 నవంబరు 6 తుఫానుకి కోనసీమలో కొబ్బరి ఆకులు మాడినట్టయ్యాయని మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది. ఏడాది పొడుగునా కొలవకుండా పాసూ లేదు ఫెయిలూ లేదు.

రెండు, ఆ 0.05 అన్నది రంగు వేయకుండా, కడగకుండా వదిలేయొచ్చు అని చెప్పడానికి జపాన్ వాళ్లు తమ దేశంలో వంతెనలు చూసి పెట్టుకున్న గీత. తడి గాలి, తుఫాన్లు, పొడుగాటి తీరం. మనకి దగ్గరగా ఉన్నది ఎవరి వాతావరణమో సారునే అడగండి.

సైటు_శీను | సెప్టెంబరు 29, ఉదయం 7:30

కడగకుండా అన్నారు కదా మేడమ్, మరి కడిగితే? ఏడాదికోసారి ట్యాంకరు పెట్టి ప్రెషర్‌తో కొడితే ఉప్పు పోదా? రంగు కన్నా చవకే.

రొయ్యల_రాజు | సెప్టెంబరు 29, ఉదయం 8:10

ట్యాంకరు ఎక్కడ నింపుతారు శీను గారూ? అక్కడ బోరు వేస్తే ఉప్పు నీళ్లే పడతాయి. కాంట్రాక్టరు పక్కనున్న బోరుకో నా చెరువుకో మోటారు పెట్టి కొడతాడు గానీ రాజోలు నుంచి మంచి నీళ్లు మోస్తాడా? ఉప్పు కడగడానికి ఉప్పు నీళ్లా?

సైటు_శీను | సెప్టెంబరు 29, ఉదయం 8:18

రాజుగారూ, మీకు దండం. ఈ పాయింటు నాకు తట్టలేదు.

రిటైర్డ్_డీఈ | సెప్టెంబరు 29, మధ్యాహ్నం 12:40

కడగడం మంచి పద్ధతే, కాలువ నీళ్లు దొరికే చోట. కానీ తీరంలో అది మొక్కుబడిగా సాగదు. ప్రతి ఏడాదీ తప్పకుండా సాగాలి. టెండరు ఒక్క ఏడాది ఆలస్యమైతే ఆ ఏడాది ఉప్పు లోపలే ఉండిపోతుంది.

రావులపాలెం వంతెనకి నేను రాసిచ్చే పని ఇది. వానలకి ముందూ తర్వాతా డెక్ మీద డ్రెయిన్ గొట్టాలు పొడిచి శుభ్రం చేయడం. గొట్టం చివర గిర్డరు అడుగు దాటి కిందికి దిగిందో లేదో చూడటం, చాలా చోట్ల సగంలోనే ఆపేసి నీళ్లు ఫ్లేంజి మీదకే కొడతారు. కింది ఫ్లేంజి మీద పేరుకున్న మట్టి, పావురాల రెట్ట గోకి ఊడ్చేయడం. అబట్‌మెంటు దగ్గర పెరిగే రావి మొక్కలు, తీగలు కొట్టేయడం. ఎన్నికలప్పుడు గిర్డర్ల మీద రంగు రాతలు రాయనివ్వకపోవడం. ఇది చివరన రాశాను గానీ మన దగ్గర ఇదే అన్నిటికన్నా కష్టం.

తనిఖీకి కాలువలు కట్టేసే రోజులు బంగారం లాంటివి. నీళ్లుండవు, నిచ్చెన వేసి గిర్డరుని చేత్తో తాకొచ్చు. దూరం నుంచి బైనాక్యులర్‌తో చూస్తే ఈ ఉక్కు మోసం చేస్తుంది. మంచి పొరా చెడ్డ పొరా రెండూ గోధుమ రంగే. చేత్తో రుద్దితే సన్నటి పొడి అంటితే ఫర్వాలేదు. గోరంత పెచ్చులు రాలితే గమనించాలి. అట్టలా పొర లేస్తే ఆ చోట పొర కుదర్లేదని లెక్క, సుత్తితో కొట్టి లోపల ఎంత మిగిలిందో అల్ట్రాసోనిక్ గేజితో కొలవాలి. ఏటా అదే చోట కొలవడానికి గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే అంకెలకి అర్థం ఉండదు. జపాన్ వాళ్లు సెలోటేపు అంటించి పీకి, దానికి అంటిన రవ్వల సైజు చూసి మార్కులు వేస్తారు. పది రూపాయల పరీక్ష.

ఇంకొకటి, డిజైన్‌లోనే తుప్పుకి కొంత మందం వదులుకోవాలి. బ్రిటన్‌లో 120 ఏళ్ల వంతెనకి, చోటుని బట్టి ఒక్కో ముఖానికి 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు అదనంగా పెట్టేవారు.

వర్క్‌షాప్_తాతయ్య | సెప్టెంబరు 29, సాయంత్రం 5:00

డీఈ గారు రాసిన దాంట్లో గొట్టం పొడవు మాట అక్షరాలా నిజం. మా బోగీల్లో కూడా లావెట్రీ గొట్టం రెండంగుళాలు పొడుగు పెట్టి ఉంటే నా సర్వీసులో సగం వెల్డింగు తప్పేది.

ఏటిగట్టు_కుర్రాడు | డిసెంబరు 21, రాత్రి 8:15

ప్లేట్లు దించాను. ఆరు నెలలు.

బాబ్జీ అన్న షెడ్డు మీద కట్టిన వెదరింగ్ ముక్క ముదురు గోధుమ రంగుకి తిరిగింది, టేపుకి సన్నటి పొడి మాత్రమే అంటింది. పక్కన మామూలు ముక్క ఇంకా నారింజ రంగులోనే ఉంది, బొబ్బలున్నాయి. మా డాబా మీద ఆకాశం కింద కట్టింది నేననుకున్న దానికంటే బాగుంది. ఉప్పుటేరు వంతెన కింద, వాన తగలని చోట కట్టింది చూసి మాత్రం నేనే ఆశ్చర్యపోయాను. వెదరింగ్ ముక్కకీ మామూలు ముక్కకీ తేడా నంబరు చూస్తే తప్ప తెలియట్లేదు. టేపు పీకితే చింతగింజ పొట్టంత పెచ్చులు వచ్చాయి. మేడమ్ చెప్పినట్టే జరిగింది, వాన కడిగినది బతికింది, నీడన ఉన్నది పోయింది.

లంక_లక్ష్మి | డిసెంబరు 21, రాత్రి 9:00

సంతోషమే గానీ ఆరు నెలల ముక్కలతో తీర్పు ఇవ్వకండి. రావులపాలెం ముక్క బాగుందంటే వంతెన బాగుంటుందని కాదు, పొర కుదరడానికి ఏళ్లు పడుతుంది. షెడ్డు పైకప్పు మీద గాలి బాగా ఆడుతుంది, కాలువ మీద శ్లాబు కింద ఆడదు. అక్కడ కూడా ఒకటి కట్టాల్సింది. ఉప్పుటేరు ముక్కని మాత్రం నమ్మొచ్చు. మంచి ఫలితానికి ఏళ్లు కావాలి, చెడుకి ఒక్క కాలం చాలు.

ఏటిగట్టు_కుర్రాడు | డిసెంబరు 23, మధ్యాహ్నం 2:30

ఇవాళ ఆ రెండు ముక్కలూ నంబర్లు కనపడకుండా సారు టేబులు మీద పెట్టాను. 'ఇందులో వెదరింగ్ ఏదో చెప్పండి సార్' అన్నాను. ఆయన రెండూ తిప్పి చూశారు, కళ్లజోడు తీసి మళ్లీ చూశారు. తప్పు ముక్క చూపించారు. అయిదు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత టీ చెప్పారు.

ఉప్పుటేరు వంతెనకి రెండు ప్రత్యామ్నాయాలు రాయమన్నారు. ఒకటి ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు (ముందే తీగలు లాగి బిగించిన కాంక్రీటు) గిర్డర్లు, ఊచల మీద కాంక్రీటు కవరు ఎక్కువ పెట్టి. రెండోది మామూలు ఉక్కు, అల్యూమినియం మెటలైజింగ్ (కరిగించి చల్లే పూత) మీద రంగు. కాలువ వంతెన వెదరింగ్ స్టీలే, కానీ జాయింట్లు లేకుండా, చివర్లకి రంగుతో. ఎత్తు దగ్గర మాత్రం ఇంకా బేరం నడుస్తోంది. సారు 2.4 అంటున్నారు, నేను 3 అంటున్నాను. ఇళ్లవాళ్లతో సమావేశం సంక్రాంతి తర్వాత. ఈలోగా మేడమ్ చెప్పిన ముక్క కాలువ పాత వంతెన కింద కడతాను.

రిటైర్డ్_డీఈ | డిసెంబరు 23, సాయంత్రం 4:10

2.4కి ఒప్పుకోవలసి వస్తే, గుర్రపుడెక్క తీసే పని మెయింటెనెన్స్ షెడ్యూల్లో పేరుతో సహా రాయించు. ఎవరు తీస్తారు, ఏ నెలలో తీస్తారు, ఏ పద్దు నుంచి డబ్బు. ఇరిగేషన్ వాళ్లు తీస్తారులే అని వదిలేస్తే వాళ్లు మీరు తీస్తారనుకుంటారు.

బాబ్జీ_ఫ్యాబ్రికేషన్ | డిసెంబరు 23, సాయంత్రం 6:45

తమ్ముడూ, ప్లేట్లు ఆరూ తిరిగిస్తానన్నావు. నాలుగే వచ్చాయి.

ఏటిగట్టు_కుర్రాడు | డిసెంబరు 23, సాయంత్రం 6:52

మిగతా రెండూ సారు టేబులు మీదే ఉన్నాయి అన్నా. వచ్చినవాళ్లందరికీ చూపించి ఏది వెదరింగో చెప్పమంటున్నారు.